చెరువు మీద గాలి ఏం రాలుస్తోంది: ఏడాది పాటు ఊళ్లోనే లెక్క కట్టే పద్ధతి

చెరువు నీళ్లు పాడయ్యాయని ఎవరైనా అనగానే మన కళ్లు ముందుగా కాలువ వైపు పోతాయి. ఏ ఫ్యాక్టరీ నీళ్లు కలుస్తున్నాయి, ఏ ఊరి మురుగు దిగుతోంది, మూసీ నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయి అని వెతుకుతాము. ఆ వెతుకులాట సరైనదే. అయితే నల్లగొండ, మిర్యాలగూడ, దామరచర్ల పక్కన ఒక్క మురుగు కాలువ కూడా కలవని చెరువులు, వాన నీటి మీదనే బతికే కుంటలు ఎన్నో ఉన్నాయి. వాటిలోకి కూడా బూడిద, మసి, గంధకం, నత్రజని, పాదరసం వంటివి పై నుంచి దిగుతూనే ఉంటాయి. కాలువకు అడ్డుకట్ట వేయవచ్చు గానీ గాలికి వేయలేము కనుక, కనీసం ఎంత రాలుతోందో, ఏది రాలుతోందో, ఎటు నుంచి వస్తోందో తెలుసుకోవాలి. ఒక బకెట్టు, కొంత వడపోత కాగితం, ఒక నోటుపుస్తకం, హైస్కూలు ప్రయోగశాలలో దొరికే నాలుగు పరికరాలు ఉంటే ఈ పని ఊళ్లోనే చేయవచ్చు. దానికి కావలసిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు కూడా శ్రద్ధగా చేస్తే చేయగలిగిన పని ఇది. వారం వారం రాయడం మానకుండా ఉండటమే ఇందులో అసలు కష్టం.

గాలిలోది నీళ్లలోకి దిగే దారులు

మొదటిది పొడిగా రాలడం. సిమెంటు దుమ్ము, కంకర క్రషర్ల పొడి, ఊక బూడిద వంటి ముతక రేణువులు బరువుగా ఉంటాయి కనుక పుట్టిన చోటికి కొద్ది కిలోమీటర్ల లోపలే నేల మీదో నీటి మీదో పడతాయి. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా చిన్న రేణువులు మాత్రం రోజుల తరబడి గాలిలోనే ఉండి వందల కిలోమీటర్లు ప్రయాణం చేస్తాయి. సల్ఫర్ డయాక్సైడ్, అమ్మోనియా వంటి వాయువులు రేణువులుగా మారకుండానే నేరుగా నీటి ఉపరితలంలో కరిగిపోతాయి. ఎక్కడా దుమ్ము కనిపించకపోయినా ఈ దారి ఒకటి నడుస్తూనే ఉంటుంది.

రెండోది తడిగా రాలడం, అంటే వానతో రావడం. మబ్బులోనే చినుకు కట్టేటప్పుడు కొంత, చినుకు కిందికి పడుతూ గాలిని కడిగేటప్పుడు కొంత కాలుష్యం వానలో చేరుతుంది. ఎండాకాలమంతా గాలిలో పేరుకున్నది తొలకరి వానతో ఒక్కసారిగా దిగుతుంది కనుక, మృగశిర కార్తెలో పడే మొదటి వాన శ్రావణంలో పడే ఇరవయ్యో వాన కన్నా ఎన్నో రెట్లు మురికిగా ఉంటుంది.

మూడోది మన ప్రాంతంలో అన్నిటికన్నా పెద్దదని నా అభిప్రాయం. చెరువు నీరు పరుచుకునే జాగా కన్నా, ఆ చెరువుకు నీరందించే పరీవాహక ప్రాంతం ఎన్నో రెట్లు పెద్దది. చెల్కల మీద, రాళ్ల గుట్టల మీద, ఇళ్ల పైకప్పుల మీద, తారు రోడ్ల మీద ఆరు నెలలు రాలినదంతా తొలి వాగు నీటితో కలిసి చెరువులోకి చేరుతుంది. గొలుసుకట్టు చెరువులున్న చోట పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు పోతాయి కనుక, బరువైన బురద పై చెరువులో ఆగిపోయినా, కరిగినవి, తేలికైనవి కింది ఊరికి కూడా వాటాగా అందుతాయి.

గాలి ఒక్కటే ఒక సరస్సును పాడుచేయగలదా అని అనుమానం ఉన్నవారికి అమెరికాలోని సుపీరియర్ సరస్సు మధ్యలో ఉన్న ఐల్ రాయల్ ద్వీపం సమాధానం చెబుతుంది. ఆ ద్వీపంలో సిస్కివిట్ అనే చిన్న సరస్సు ఉంది. దాని చుట్టూ అడవి తప్ప ఫ్యాక్టరీ లేదు, పొలం లేదు, మురుగు లేదు. అయినా ఆ సరస్సు చేపల్లో పీసీబీలు అనే పరిశ్రమల రసాయనాలు, టాక్సాఫిన్ అనే పురుగుమందు బయటపడ్డాయి. టాక్సాఫిన్‌ను ఎక్కువగా వాడింది ఎక్కడో దక్షిణాన ఉన్న పత్తి చేలలో. ఆ మందు గాలిలో ఆవిరై, ఉత్తరానికి కొట్టుకుపోయి, చల్లని నీటిలో దిగింది. పత్తి మీద బతికే నల్లగొండ జిల్లాలో ఉన్న మనం ఈ ఒక్క సంగతిని బాగా గుర్తుపెట్టుకోవాలి. సముద్ర తీరాలకు కూడా ఇదే వర్తిస్తుంది: అమెరికా తూర్పు తీరంలోని చెసాపీక్ అఖాతంలో చేరే నత్రజనిలో దాదాపు మూడో వంతు గాలి నుంచే వస్తుందని అక్కడి ప్రభుత్వ సంస్థలు లెక్క కట్టాయి. మన కృష్ణా నది కూడా తన పరీవాహకం మీద రాలినదాన్ని మోసుకుని చివరికి బంగాళాఖాతంలోనే దింపుతుంది.

ముందు మీ ఊరి పటం గీసుకోండి

ఒక పెద్ద కాగితం మీద మధ్యలో చెరువు గీసి, చుట్టూ 10 కిలోమీటర్ల లోపల పొగ, దుమ్ము పుట్టే చోట్లన్నీ గుర్తించండి. మిర్యాలగూడ వైపు అయితే బియ్యం మిల్లులు, వాటి ఊక బూడిద కుప్పలు. వాడపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు అయితే సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి గనులు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర ఒక్కొక్కటి 800 మెగావాట్ల చొప్పున అయిదు యూనిట్లతో కట్టిన 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం. చౌటుప్పల్, జడ్చర్ల వైపు అయితే మందుల, రసాయనాల పరిశ్రమలు. వీటితో పాటు ఇటుక బట్టీలు, కంకర క్రషర్లు, లారీలు తిరిగే మట్టి రోడ్లు, చెత్త తగలబెట్టే జాగాలు, యాసంగి కోతల తరువాత కొయ్యకాళ్లు కాల్చే పొలాలు కూడా రాయాలి. పెద్ద పొగగొట్టం ఒక్కటే దోషి అనుకుని ఊరి చివర రోజూ మండే ప్లాస్టిక్ కుప్పను వదిలేస్తే లెక్క తప్పుతుంది. నల్లగొండ చిన్న పట్టణమే గదా, ఇక్కడ గాలికి ఏమైందని అనుకోవద్దు: కేంద్ర ప్రభుత్వం 2019 జనవరిలో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి ప్రమాణాలు అందుకోలేని పట్టణాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్‌తో పాటు నల్లగొండ పేరు కూడా ఉంది.

పటం మీద గాలి దిశలు కూడా వేయండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మనకు పడమటి, నైరుతి గాలులు. చలికాలంలో ఈశాన్యం, తూర్పు గాలులు. అందువల్ల ఒకే ఫ్యాక్టరీ దుమ్ము వానాకాలంలో ఒక ఊరి చెరువు మీద, చలికాలంలో ఇంకో ఊరి చెరువు మీద పడుతుంది. చలికాలపు తెల్లవారుజామున నేలకు దగ్గరగా చల్లని గాలి, దాని మీద వెచ్చని గాలి మూతలా ఉండటం వల్ల పొగ పైకి లేవలేక పొరలా పరుచుకుంటుంది. చెరువు కట్ట మీద నిలబడితే అది కళ్లకే కనిపిస్తుంది. ఒక వెదురు కర్రకు పలచని గుడ్డ పేలిక కట్టి, రోజూ ఉదయం, సాయంత్రం అది ఎటు ఎగురుతోందో రాస్తే చాలు, గాలి చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

బకెట్టుతో దుమ్ము కొలవడం

ఈ పని మొత్తానికి ఇదే ప్రాణం కనుక ఇక్కడ తొందరపడవద్దు. మూతి అడ్డుకొలత 30 సెంటీమీటర్లు ఉండి, లోతు అంతకన్నా కొంచెం ఎక్కువగా ఉండే మూడు ఒకే రకం ప్లాస్టిక్ బకెట్లు తీసుకోండి. వాటిని సబ్బుతో, తరువాత మంచినీళ్లతో, చివరగా బ్యాటరీల దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఒక్కొక్కదానిలో రెండు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. లోపల తడి లేకపోతే పడిన దుమ్మును మళ్లీ గాలి ఎగరగొట్టుకుపోతుంది. ఎండాకాలంలో ఆ నీళ్లు ఆవిరైపోకుండా వారానికి ఒకసారి చూసి, తగ్గితే పోస్తూ ఉండాలి. పిట్టలు అంచు మీద వాలి రెట్టలు వేయకుండా బకెట్టు మూతి చుట్టూ పైకి నిలిచేలా నాలుగయిదు ఇనుప తీగలు కట్టండి. ఒక్క రెట్ట పడినా ఆ నెల నత్రజని, భాస్వరం లెక్కలన్నీ పనికిరాకుండా పోతాయి.

ఒకటి చెరువు కట్ట దగ్గరి ఇంటి డాబా మీద, రెండోది అనుమానం ఉన్న దిక్కుకు దగ్గరగా, మూడోది దానికి పూర్తిగా ఎదురు దిక్కున దూరంగా ఉంచాలి. నేల మీద పెడితే నడిచేవారి కాళ్ల దుమ్మే పడుతుంది కనుక ఎత్తు 2 మీటర్లకు తగ్గకూడదు. చెట్ల కింద, కట్టెల పొయ్యి పొగగొట్టం పక్కన, మట్టి రోడ్డు అంచున పెట్టకూడదు. మూడో బకెట్టు ఎందుకని చాలామంది అడుగుతారు. మన దుబ్బ నేలల నుంచి, ఎర్ర చెల్కల నుంచి సహజంగా లేచే దుమ్ము ఎంతో తెలియకపోతే, మిగిలినది ఎవరిదో చెప్పడానికి వీలుండదు. ఆ ఒక్క బకెట్టు మానేసిన లెక్కను ఏ అధికారీ ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర కూడా లేదు.

సరిగ్గా 30 రోజులకు బకెట్లు దింపి, ఆకులు, పురుగులు చిమటాతో తీసేసి, ముందే తూకం వేసి ఉంచిన వడపోత కాగితం గుండా నీళ్లను వడకట్టండి. బకెట్టు గోడలకు అంటుకున్నది కూడా మెత్తని బ్రష్‌తో, కొద్ది డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి వడకట్టాలి. కాగితాన్ని నీడలో ఆరబెట్టి, తరువాత వెచ్చని చోట పూర్తిగా తేమ పోయేదాకా ఉంచి మళ్లీ తూచండి. కాలేజీ ప్రయోగశాల త్రాసు దొరకకపోతే బంగారం తూచే త్రాసు సరిపోతుంది. మా బడి పిల్లలతో చేసినప్పుడు మేము వాడింది అదే. వడకట్టిన నీళ్లను పారబోయకుండా ఒక శుభ్రమైన సీసాలో దాచండి, దానితో తరువాత పని ఉంది.

ఇప్పుడు లెక్క. 30 సెంటీమీటర్ల మూతి వైశాల్యం సుమారు 0.07 చదరపు మీటర్లు. కాగితం మీద 0.42 గ్రాముల దుమ్ము మిగిలిందనుకోండి. దాన్ని 0.07తో భాగిస్తే చదరపు మీటరుకు నెలకు 6 గ్రాములు. చదరపు మీటరుకు ఒక గ్రాము అంటే చదరపు కిలోమీటరుకు ఒక టన్ను కనుక, ఇది చదరపు కిలోమీటరుకు నెలకు 6 టన్నులు అవుతుంది. మీ చెరువు నీటి విస్తీర్ణం 100 ఎకరాలు, అంటే సుమారు 0.4 చదరపు కిలోమీటర్లు అయితే, నీళ్ల మీద నేరుగా పడేదే నెలకు 2.4 టన్నులు. పరీవాహకం 10 చదరపు కిలోమీటర్లు అయితే దాని మీద పడేది 60 టన్నులు. ఇందులో ఎక్కువ భాగం మామూలు మట్టి కావచ్చు, పరీవాహకం మీద పడినదంతా చెరువుకు చేరకపోవచ్చు కూడా. కానీ మూడో బకెట్టు అంకెను తీసేసిన తరువాత మిగిలే తేడా, నెల తరువాత నెల ఒకే దిక్కు గాలితో పాటు పెరుగుతుంటే, అది యాదృచ్ఛికం కాదు.

ఆ దుమ్ము ఏమిటి

వడపోత కాగితం మీది దుమ్మును ముందు భూతద్దంతో చూడండి. ఊక బూడిద నల్లగా, బూడిద రంగులో, పొరలు పొరలుగా, తేలికగా ఉండి నీళ్ల మీద తేలుతుంది. అందులో 85 శాతానికి పైగా సిలికా ఉంటుంది కనుక వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడుతుంది. బడిలో 400 రెట్లు పెద్దది చేసి చూపే మైక్రోస్కోపు ఉంటే బొగ్గు బూడిదను గుర్తుపట్టడం చాలా తేలిక: మట్టి రేణువులు మూలలు తేలి వంకరటింకరగా ఉంటాయి, బొగ్గు బూడిద రేణువులు మాత్రం గాజు పూసల్లా గుండ్రంగా ఉంటాయి. కొలిమి వేడికి కరిగి, గాలిలో గట్టిపడటం వల్ల వాటికి ఆ రూపం వస్తుంది. ఒక్కసారి పిల్లలకు ఆ గుండ్రని పూసలు చూపిస్తే వాళ్లు మళ్లీ మరిచిపోరు.

కొద్ది దుమ్ము మీద రెండు చుక్కల నిమ్మరసమో వెనిగరో వేసినప్పుడు నురగలా బుడగలు వస్తే అందులో సున్నపురాయి పొడి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీల వైపు ఇది తరచుగా కనిపిస్తుంది. అయితే కొత్తగా సున్నం వేసిన గోడ పక్కన బకెట్టు పెట్టినా ఇదే జరుగుతుంది, చౌడు నేలల మట్టి కూడా ఇలాగే పొంగుతుంది. పాలిథిన్ సంచిలో చుట్టిన అయస్కాంతాన్ని ఆరిన దుమ్ము మీద తిప్పితే నల్లని రేణువులు అంటుకుంటాయి. బొగ్గు బూడిదలో, వెల్డింగు, లేత్ దుకాణాల పొడిలో ఇనుప రేణువులుంటాయి. కానీ మన నల్లరాతి, గ్రానైటు మట్టిలో కూడా అయస్కాంత రేణువులు సహజంగానే ఉంటాయి కనుక, మూడో బకెట్టు దుమ్ముతో పోల్చకుండా ఏమీ తేల్చవద్దు.

వాన నీళ్లు పట్టడం

దాచిన సీసా నీళ్లు నెలంతటి లెక్క చెబుతాయి. ఒక్కొక్క వాన లెక్క కావాలంటే వాన మొదలైన తరువాతే మూత తీసే శుభ్రమైన ప్లాస్టిక్ డబ్బా పెట్టాలి. వాన ఆగగానే పీహెచ్ చూడండి, అంటే నీళ్లు ఆమ్లమో క్షారమో చెప్పే అంకె: 7 కన్నా తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం. లిట్మస్ కాగితం దీనికి చాలదు. పెన్ను లాంటి పీహెచ్ మీటరు కొని, వాడే ముందు 4, 7 అంకెల బఫర్ ద్రావణాలతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసుకోవాలి. వాన నీళ్లలో లవణాలు చాలా తక్కువ కనుక అంకె నిలకడగా నిలబడటానికి సమయం పడుతుంది, తొందరపడి రాయవద్దు.

ఏ కాలుష్యమూ లేని వాన కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరగడం వల్ల సుమారు 5.6 పీహెచ్ చూపుతుంది. అంతకన్నా బాగా తగ్గితే ఆమ్ల వర్షం అంటారు. స్వీడన్‌లో చేపలు లేకుండా పోతున్న సరస్సులకు, ఇతర దేశాల పొగగొట్టాల నుంచి వచ్చే గంధకానికి సంబంధం ఉందని స్వాంటే ఓడెన్ అనే శాస్త్రవేత్త 1967లో బయటపెట్టిన తరువాతే ప్రపంచం ఈ మాటను గట్టిగా పట్టించుకుంది. అయితే అక్కడి కథను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం తప్పు. మన మట్టి దుమ్ములో కాల్షియం ఎక్కువ, సిమెంటు దుమ్ములో మరీ ఎక్కువ. అది వానలోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. మీ మీటరు 6.5 గానీ 7 గానీ చూపిందని వాన శుభ్రంగా ఉందనుకోవద్దు. ఆమ్లం విరిగిపోయినా సల్ఫేటు, నైట్రేటు నీళ్లలోనే ఉంటాయి. అందువల్ల పీహెచ్‌తో పాటు, నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరు అంకె కూడా రాయండి. తొలకరి వానకూ శ్రావణం వానకూ ఆ అంకెలో ఉండే తేడాయే గాలి ఎంత మురికిని మోస్తోందో చెబుతుంది. మన చెరువుల నీళ్లకు సహజంగా క్షారగుణం ఎక్కువ కనుక అవి ఆమ్లంగా మారి చేపలు చచ్చే ప్రమాదం తక్కువ. మనం భయపడవలసినవి వేరే ఉన్నాయి: నాచును పెంచే నత్రజని, అడుగున చేరే లోహాలు, మసితో వచ్చే విషపు నూనెలు.

ఇంటి పైకప్పు నీళ్లు తొట్టిలో పట్టుకుని వాడుకునేవారు ప్రతి వానలో మొదటి 2 మిల్లీమీటర్లను పక్కకు వదిలేయాలి. 100 చదరపు మీటర్ల కప్పుకు అది 200 లీటర్లు. తొలకరిలో అంతకన్నా ఎక్కువ వదిలినా నష్టం లేదు.

చెరువులో చూడవలసినవి

గాలి నుంచి వచ్చిన మసి, నూనె పదార్థాలు నీటిలో వెంటనే కలిసిపోవు. ఉపరితలం మీద మిల్లీమీటరులో ఒక చిన్న భాగం మందం ఉండే పొరలో గుమిగూడతాయి. పురుగుల లార్వాలు, తేలే చేప గుడ్లు ఉండేది కూడా ఆ పొరలోనే. గాలి లేని ఉదయం, ఒక చదునైన గాజు పలకను నీటిలో నిలువుగా ముంచి, చాలా నెమ్మదిగా పైకి తీస్తే ఆ పొర పలకకు అంటుకుని వస్తుంది. దాన్ని రబ్బరు అంచుతో ఒక గాజు సీసాలోకి గీకండి. ఇరవై, ముప్పై సార్లు చేస్తే కొంత నీరు చేరుతుంది. వెలుతురుకు ఎదురుగా పట్టి, లోతు నుంచి తీసిన నీటితో పక్కపక్కన పెట్టి చూడండి. ఒడ్డున రంగురంగులుగా మెరిసే పొర కనిపించినప్పుడు పుల్లతో కదిపి చూడాలి: ముక్కలుగా పగిలితే అది ఇనుము తినే బ్యాక్టీరియా పొర, దానితో ప్రమాదం లేదు; పగిలినా మళ్లీ దగ్గరకు చేరి కలిసిపోతే నూనె.

నీటి స్వచ్ఛతను కొలవడానికి 1865లో ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెక్కి మధ్యధరా సముద్రంలో వాడిన పళ్లెం ఇప్పటికీ అన్నిటికన్నా నమ్మకమైన పరికరం. 20 సెంటీమీటర్ల పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి, ఒకటి విడిచి ఒకటి నలుపు, తెలుపు రంగులు వేసి, బరువు కట్టి, గుర్తులున్న తాడుతో పడవ నీడ వైపు నుంచి దించండి. కనుమరుగైన లోతునూ, పైకి లాగుతుంటే మళ్లీ కనిపించిన లోతునూ కలిపి సగం చేసి రాయండి. మధ్యాహ్నం పదకొండు, రెండు గంటల మధ్య చూడాలి. వానల తరువాత బురద వల్ల ఈ లోతు తగ్గడం సహజం. బురద తేరుకున్న తరువాత, అక్టోబరు, నవంబరుల్లో కూడా నీరు ఆకుపచ్చగా ఉండి లోతు పెరగకపోతే అది నాచు పని.

గాలి నుంచి వచ్చే నత్రజని, పొలాల నుంచి కొట్టుకొచ్చే యూరియా, గొడ్ల పేడ మూడూ కలిసి నాచును, గుర్రపు డెక్కను పెంచుతాయి. వీటిలో గాలి వాటా ఎంతో ఊళ్లో తేల్చలేము గానీ ఫలితాన్ని మాత్రం చూడవచ్చు. నాచు పగలు ప్రాణవాయువును వదులుతుంది, రాత్రి పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి మూతులు తెరిచి గాలి మింగుతుంటాయి. బెస్తవారిని, చెరువు నీళ్లు పొలాలకు వదిలే నీరటిని అడిగితే ఏ నెలలో, చెరువులో ఏ మూలన ఇది మొదలవుతుందో ఏ పరికరం కన్నా ముందు చెబుతారు. కరిగిన ప్రాణవాయువు కొలిచే కిట్టు ఉంటే సూర్యోదయానికి ముందే వాడండి. చేపల పెంపకానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు, 6.5 నుంచి 8.5 మధ్య పీహెచ్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది. మిట్టమధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంటే నాచు మితిమీరిందని అర్థం.

పూడిక, పాదరసం, చేప

గాలి నుంచి దిగినది చివరికి అడుగు బురదకు చేరుతుంది. కనుక చెరువు చరిత్ర పొరలు పొరలుగా అక్కడే రాసి ఉంటుంది. మే నెలలో నీరు తగ్గినప్పుడు రెండడుగుల పీవీసీ పైపును మెత్తని బురదలోకి దించి, పై చివర మూత పెట్టి లాగితే ఆ పొరలు చెదరకుండా వస్తాయి. పై 5 సెంటీమీటర్లను ఒక సంచిలో, అడుగు భాగాన్ని ఇంకో సంచిలో వేసి, సీసం, కాడ్మియం, క్రోమియం, పాదరసం కోసం గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు పంపాలి. అడుగు పొర పాతకాలపు సహజ స్థాయిని, పై పొర ఈ కాలపు చేర్పును చూపుతాయి. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం రసాయన శాస్త్ర అధ్యాపకులను అడిగితే నమూనా ఎలా తీయాలో, ఎక్కడికి పంపాలో చెప్పగలరు. లోహాల కోసం తీసే నీళ్లను ప్లాస్టిక్ సీసాలో, పాదరసం కోసం తీసే నీళ్లను గాజు సీసాలో పట్టాలి. నైట్రేటు కోసమైతే మంచు పెట్టెలో ఉంచి ఆ రోజే చేర్చాలి.

ఈ పరీక్షకు ఇంకొక కారణం కూడా ఉంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద వేల చెరువుల పూడిక పొలాలకు చేరింది. పూడిక మట్టి బంగారమని మన రైతులు అనుకోవడంలో పొరపాటు లేదు. కానీ పొగగొట్టాల నీడన ఉన్న చెరువు పూడికను పొలానికి తోలే ముందు ఒక్కసారి లోహాల పరీక్ష చేయించడం రైతు హక్కుగా భావించాలి.

పాదరసం గురించి కొంచెం విడిగా చెప్పాలి. బొగ్గులో అది చాలా స్వల్పంగానే ఉంటుంది, కానీ మండినప్పుడు ఆవిరై నెలల తరబడి గాలిలో తిరిగి, ఎక్కడెక్కడో దిగుతుంది. చెరువు అడుగున ప్రాణవాయువు లేని బురదలో సల్ఫేటుతో బతికే బ్యాక్టీరియా దాన్ని మరింత విషపూరితమైన మిథైల్ పాదరసంగా మారుస్తుంది; గంధకం, పాదరసం రెండూ ఒకే పొగతో రావడం ఈ మార్పుకు మరింత తోడవుతుంది. నాచు నుంచి చిన్న పురుగుకు, పురుగు నుంచి చిన్న చేపకు, చిన్న చేప నుంచి దాన్ని తినే చేపకు పోయేకొద్దీ అది చిక్కబడుతుంది. అందువల్ల బొచ్చె, రవ్వ వంటి కింది మెట్టు చేపల కన్నా, ఇతర చేపలను తినే కొర్రమట్ట, వాలుగలలో ఎక్కువ ఉండే వీలుంది. కొర్రమట్ట మన రాష్ట్ర చేప. మృగశిర నాడు దాని కోసమే జనం బారులు తీరుతారు. దాన్ని తినవద్దని నేను చెప్పడం లేదు. చేపను పరీక్షకు పంపదలచుకుంటే పెద్ద కొర్రమట్ట కండను పంపండి, అందులో లేకపోతే మిగతా చేపల గురించి బెంగ అక్కర్లేదు. ఉందని తేలితే వండినంత మాత్రాన అది పోదు కనుక, గర్భిణులకు, చిన్నపిల్లలకు పెట్టే చేపల విషయంలో జాగ్రత్త పడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. నల్లగొండ అనగానే ఫ్లోరైడ్ గుర్తుకు వస్తుంది. మన బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ భూగర్భంలోని గ్రానైటు రాళ్ల నుంచి వచ్చింది, దాన్ని గాలి మీద మోపకూడదు. అలాగే మూసీ నీరు కలిసే చెరువులో కనిపించే కాలుష్యాన్ని గాలి లెక్కలో వేయకూడదు. ఒక్క తప్పుడు ఆరోపణ నోటుపుస్తకంలోని పన్నెండు నెలల నిజాన్ని నీరుగారుస్తుంది.

లెక్క చేతికొచ్చాక

ఊళ్లో చేయగలిగినవి ముందు చేయండి. కట్ట మీద, శిఖంలో (చెరువు నీళ్లు నిలిచే నేలలో) చెత్త కాల్చడం ఆపడం, కొయ్యకాళ్లను దున్ని నేలలో కలపడం, ఊక బూడిదను తడిపించి, తీసుకెళ్లే ట్రాక్టర్ల మీద పట్టా కప్పించడం ఇవన్నీ గ్రామసభ తీర్మానంతో అయ్యే పనులు. గాలి వచ్చే వైపు కానుగ, వేప, చింత వంటి దట్టమైన ఆకుల చెట్లు రెండు మూడు వరుసల్లో పెంచితే ముతక దుమ్మును అవి చాలావరకు పట్టుకుంటాయి. వాగు చెరువులో కలిసే చోట ఒక చిన్న మడుగు తవ్వి, చుట్టూ వట్టివేరు నాటితే తొలి నీళ్ల మురికి అక్కడే ఆగుతుంది. ఏటా మే నెలలో ఆ మడుగును ఖాళీ చేయాలి.

పరిశ్రమల విషయానికి వస్తే, బకెట్టు లెక్కను తీర్పులా కాక ఆధారంలా వాడాలి. తేదీలు, గాలి దిశ, ఫోటోలు, మూడు బకెట్ల అంకెలు ఒకే పట్టికలో పెట్టి రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వండి. దుమ్ము కొలవడానికి భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 5182 పేరుతో పద్ధతి నిర్ణయించి ఉంది కనుక, ఆ పద్ధతి ప్రకారం అదే చోట కొలవమని అడగండి. పర్యావరణ అనుమతి పొందిన పరిశ్రమలు ఏటా జూన్ 1న, డిసెంబరు 1న షరతుల అమలు నివేదికలు ఇవ్వాలి. వాటి ప్రతులను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద కోరవచ్చు. అందులోని తేదీలను మీ పట్టికలోని తేదీల పక్కన పెట్టి చూస్తే ఏది ఎక్కడ సరిపోవడం లేదో తెలుస్తుంది. కొత్త పరిశ్రమకో, విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు 2006 నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందే ప్రకటన వస్తుంది. ఆ 30 రోజుల్లో పర్యావరణ ప్రభావ నివేదిక చదివి, చుట్టుపక్కల చెరువుల పేర్లు అందులో ఉన్నాయా, వాటి మీద రాలేదానికి అంచనా వేశారా అని చూసి, లేకపోతే ఆ ప్రశ్నను సభలో రాతపూర్వకంగా నమోదు చేయించండి. ఏ దారీ పనిచేయకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ ధర్మాసనానికి తెలంగాణ ప్రజలు నేరుగా వెళ్లవచ్చు.

రెండో ఏడాది మొదలుపెట్టేటప్పుడు బకెట్ల చోటు మార్చవద్దు. అవే డాబాలు, అదే ఎత్తు, అదే తేదీ. పక్క ఊరి బడి కూడా తన చెరువు దగ్గర ఒక బకెట్టు పెడితే, గొలుసులోని పై చెరువుకూ కింది చెరువుకూ మధ్య తేడా ఆ ఏడాదే కనిపించడం మొదలవుతుంది.